మిగిలిన ఆ అరగంట ఎవరిది?

పోయిన నెల మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ఒక ప్రశ్న వేశారు. "రోబో వ్యాక్యూమ్ కొన్నవాళ్ళు పనమ్మాయికి జీతం ఎంత తగ్గించారు?" అని. పది నిమిషాల్లో నాలుగు జవాబులొచ్చాయి. ఒకరు ఐదొందలన్నారు. ఒకరు ఊడ్చి తుడిచే పని మాన్పించి అంట్లకు మాత్రం ఉంచుకున్నామన్నారు. ఇంకొకరు మనిషినే మాన్పించేశామని, ఇప్పుడే ఇంట్లో హాయిగా ఉందని రాశారు. నాలుగో ఆయన ఏ మోడల్ కొన్నారని అడిగారు.

నేను ఏదో రాయబోయి ఆగిపోయాను. తనంతట తానే తిరుగుతూ నేల ఊడ్చే ఆ యంత్రం మా ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. మేం మా పనావిడ జీతం తగ్గించలేదు. ఎందుకు తగ్గించలేదో రెండు ముక్కల్లో చెప్పమంటే మాత్రం నాకప్పుడు మాట రాలేదు. జాలితో అని రాస్తే అది అబద్ధం. ఆమె జాలి అడగలేదు, నేను జాలిపడే స్థితిలో ఆమె లేదు. మరి ఎందుకు? అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.

యంత్రం కొనడం తప్పని నేననను. కొనగలిగినవాళ్ళు కొనాలనే అంటాను. అయితే దానివల్ల మిగిలే అరగంట డబ్బు పెట్టి కొన్న మనది కాదు. ఇన్నాళ్ళూ వంగి ఊడ్చినామెది. ఇదీ నా అభిప్రాయం. దీని దగ్గరికి నేను తిన్నగా రాలేదు. మధ్యలో చాలాసార్లు అనుమానపడ్డాను. ఇప్పటికీ ఒకటి రెండు ప్రశ్నలు తేలలేదు.

మోకాలు

మా ఇంట్లో పనికొచ్చే ఆవిడది శ్రీకాకుళం వైపు. ఆమెనడగకుండా పేరు రాయను. పన్నెండేళ్ళ కిందట భర్త మేస్త్రీ పనికి హైదరాబాదొస్తే వెనకే వచ్చింది. పొద్దున్న ఆరున్నరకి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండింటిదాకా ఆరిళ్ళు చేస్తుంది. మాది మూడో ఇల్లు. నాకన్నా నాలుగేళ్ళు పెద్దదైనా నన్ను అక్కా అంటుంది. అమ్మని పెద్దమ్మగారూ అంటుంది.

మాప్ కర్ర ఉన్నా ఆమె దాన్ని ముట్టదు. "కర్రతో తుడిస్తే మూలలకి మట్టి తోసినట్టే అక్కా" అంటుంది. గొంతుక్కూర్చుని, తడిగుడ్డ మడిచి, అర్ధచంద్రాకారంలో తుడుచుకుంటూ వెనక్కి జరుగుతుంది. మూడు గదులు, హాలు, వంటిల్లు. ఒక ఇంట్లో ఎన్నిసార్లు లేచి కూర్చుంటుందో, అలాంటి ఇళ్ళు ఆరయితే ఎంతవుతుందో నేనెప్పుడూ లెక్కేసుకోలేదు.

కిందటేడు వానాకాలంలో ఒకరోజు హాలు తుడుస్తూ లేవబోయి లేవలేకపోయింది. సోఫా చెయ్యి పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఒక నిమిషం తర్వాత, ఏమీ జరగనట్టే, గుడ్డ బకెట్లో పిండుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను లాప్‌టాప్ ముందు మీటింగులో ఉన్నాను. చూశాను, మళ్ళీ తెరవైపు తిరిగాను. అమ్మ మాత్రం కుర్చీలో కూర్చుని అంతా చూసింది. రెండేళ్ళ కిందటే అమ్మకి కుడి మోకాలు మార్పిడి ఆపరేషనయింది. ఆ సాయంత్రం నాతో, "నాకూ ఇలాగే మొదలైందే. ముందు లేచేటప్పుడు ఏదో ఒకటి పట్టుకోవాల్సొచ్చేది. అప్పుడు ఎవరూ చూళ్ళేదు" అంది.

మేం రోబో కొనడానికి కారణం ఇదే. ఇల్లు అద్దంలా మెరవాలనీ కాదు, టైము కలిసొస్తుందనీ కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవడం నాకు తర్వాత చాలా అవసరమైంది. ఒక వస్తువు ఇంట్లోకొచ్చాక దాన్ని ఎందుకు తెచ్చామో మర్చిపోవడానికి రెండు నెలలు చాలు.

నల్ల పట్టీ దగ్గర

కెమెరా లేనిదే కావాలని పట్టుబట్టాను. 2022 డిసెంబరులో ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ అనే అమెరికా పత్రిక ఒక కథనం వేసింది. పరీక్షల కోసం ఇళ్ళల్లో పెట్టిన రూంబా అనే రోబో వ్యాక్యూమ్‌లు తీసిన ఫొటోలు, బాత్రూంలో ఉన్న ఒక స్త్రీ ఫొటోతో సహా, ఫొటోల్లోని వస్తువులకి పేర్లు తగిలించే కాంట్రాక్టు పనివాళ్ళ చేతికి చేరి, అక్కణ్ణుంచి సోషల్ మీడియా గ్రూపుల్లోకి పాకాయి. అవి ప్రయోగాలకు వాడిన యంత్రాలని, ఆ ఇళ్ళవాళ్ళు ఒప్పుకునే పెట్టుకున్నారని కంపెనీ చెప్పింది. అయినా నాకు మనసొప్పలేదు. మాది లేజర్‌తో చుట్టూ కొలుచుకునే రకం. నడినెత్తిన చిన్న బుడిపె ఉంటుంది, దాని లోపల లేజర్ గిర్రున తిరుగుతూ గోడ ఎంత దూరముందో, కుర్చీ కాలెక్కడుందో లెక్క కడుతుంది. మొదటిరోజు ఇల్లంతా తిరిగొచ్చి ఫోన్లో మా ఇంటి ప్లాను గీసి చూపించింది. బిల్డరిచ్చిన బ్రోచరులో లేని వంకర కూడా అందులో ఉంది.

2002లో రూంబా మొదటిసారి వచ్చినప్పుడు ఇంత తెలివి లేదు. దేనికైనా తగిలితే తిరిగి ఇంకోవైపు పోయేది, అలా తిరిగి తిరిగి గదంతా ఊడ్చేది. ఇప్పుడొచ్చేవి మనిషి ఊడ్చినట్టు ఈ గోడనుంచి ఆ గోడకి వరసగా ఊడుస్తాయి.

అంత తెలివైంది మా హాలుకీ బాల్కనీకీ మధ్య ఆగిపోయింది. అక్కడ అరడుగు వెడల్పున నల్ల గ్రానైట్ పట్టీ ఉంది. మన ఫ్లాట్లన్నిట్లో ఉండేదే, గదికీ గదికీ మధ్య అందం కోసం వేస్తారు. యంత్రం దాని అంచుదాకా వచ్చి, వణికినట్టు వెనక్కి జరిగి, మళ్ళీ వచ్చి, మళ్ళీ జరిగింది. మెట్లమీంచి పడిపోకుండా దాని పొట్టకింద సెన్సర్లుంటాయి. అవి నేలమీదకి పరారుణ కాంతి వదిలి, అది తిరిగొస్తే నేల ఉందనుకుంటాయి. నల్లరాయి ఆ కాంతిని మింగేస్తుంది. కాంతి తిరిగి రాకపోతే యంత్రానికి అది నేల కాదు, గొయ్యి. మా బాల్కనీ ముందు ప్రతిరోజూ దానికొక లోయ కనిపిస్తుంది. కొందరు ఆ సెన్సర్ల మీద టేపు అంటిస్తారట. ఇంట్లో మెట్లు లేకపోతే ఫరవాలేదు గానీ నాకు ధైర్యం చాల్లేదు. బాల్కనీ ఇప్పటికీ చీపురుతోనే.

తర్వాత గడపలు. ఇలాంటి యంత్రాలు మామూలుగా రెండు సెంటీమీటర్ల ఎత్తుదాకా ఎక్కుతాయి. మా దేవుడి గది గడప అంతకంటే ఎత్తు, కాబట్టి లోపలికి పోదని ధైర్యంగా ఉన్నాం. కానీ అమ్మ శుక్రవారం ముగ్గు గడపకి ఇవతల, హాల్లోనే వేస్తుంది. బియ్యప్పిండితో చిన్న పద్మం, నడుమ పసుపు, కుంకుమ. మూడో వారం శుక్రవారం పదింటికి యంత్రం దాని టైముకి అది లేచింది. వెనక తడిగుడ్డ కూడా తగిలించి ఉంది. నేను చూసేసరికి ముగ్గు లేదు. తెల్ల టైల్సు మీద మందిరం దగ్గర్నుంచి డైనింగ్ టేబులు దాకా ఎర్రటి చార. వెళ్ళొచ్చింది, వెళ్ళొచ్చింది, ప్రతి వరసకీ ఒక చార. అమ్మ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ కుంకుమ చార తుడిచింది ఎవరు? మా పనావిడే. గొంతుక్కూర్చుని, సబ్బు నీళ్ళతో, ముప్పావుగంట. ఆమె మోకాలి కోసం తెచ్చిన యంత్రం ఆ రోజు ఆమెని మామూలు కంటే ఎక్కువసేపు నేలమీద కూర్చోబెట్టింది.

ఆ రాత్రి ఫోన్లో మ్యాపు తెరిచి మందిరం ముందు ఎర్రగీతతో ఒక చతురస్రం గీశాను. ఇందులోకి రావద్దని యంత్రానికి చెప్పడమన్నమాట. గీస్తుంటే ఇంకో సంగతి తట్టింది. ఐదేళ్ళుగా మా ఇంటికొస్తున్న ఆమె దేవుడి గది గడప ఎప్పుడూ దాటలేదు. ఆ గది అమ్మే తుడుచుకుంటుంది, ఇప్పుడు నేను తుడుస్తున్నాను. రావద్దని ఆమెకెవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే ఆమె ఆగిపోయింది, మేమూ పిలవలేదు. యంత్రం అటు రాకుండా ఉండాలంటే గీత గీసి చూపించాలి. మనిషికి ఆ గీత ఎవరూ గీయకుండానే కనిపించేట్టు చేశాం. మా లిఫ్టులో కూడా "పనివారు సర్వీసు లిఫ్టు వాడవలెను" అని లామినేషన్ చేసిన కాగితం అంటించి ఉంది. ఇది నేను రాయాలనుకున్న విషయం కాదు, కానీ దాటేసి పోవడం నాకు చేతకాలేదు. అమ్మతో ఆ మాట ఎత్తాను. "నేనెప్పుడూ రావద్దన్లేదే" అంది, నిజంగానే నొచ్చుకుని. "రమ్మని కూడా అన్లేదు కదమ్మా" అన్నాను. మాట అక్కడే ఆగింది.

పొద్దుగూకాక ఊడవకూడదన్న పట్టింపు సంగతి చిన్నది. రాత్రి తొమ్మిదికి టైము పెడితే అమ్మ ఒప్పుకోలేదు. దీపాలు పెట్టాక ఇంట్లో చీపురు కదిలితే లక్ష్మి వెళ్ళిపోతుందన్నది ఆమె నమ్మకం, చీపురుకి మోటారున్నా సరే. పొద్దున్న పదికి మార్చేశాను. అలాంటివాటికి వాదన అక్కర్లేదు.

తెల్ల టైల్సు పెట్టిన పని

మా అమ్మమ్మగారిల్లు తెనాలి దగ్గర పల్లెలో. వెనక వసారా మట్టినేల, పండక్కీ పబ్బానికీ పేడతో అలికేవాళ్ళు. ముందు గదులు ఎర్రసిమెంటు, నడవా కడప బండలు. ఆ నేలలమీద దుమ్ము కనిపించేది కాదు. దుమ్ము లేదని కాదు. ఉన్నా కంటికి ఆనదు. అమ్మమ్మ పొద్దున్నొకసారి కసువు ఊడ్చి, వాకిట్లో కళ్ళాపి జల్లి ముగ్గేసిందంటే ఆ రోజుకి నేల పని అయిపోయినట్టే. తడిగుడ్డ వారానికోసారి.

ఇప్పుడు మేముండేది హైదరాబాదులో బాచుపల్లి వైపు. చుట్టూ మూడు టవర్లు లేస్తున్నాయి. కిటికీ అరగంట తీసి ఉంచితే బల్లమీద వేలితో పేరు రాయొచ్చు. కింద చూస్తే మెరిసే తెల్ల టైల్సు. వాటిమీద ఒక వెంట్రుక పడితే హాలు ఆ చివర్నుంచి కనిపిస్తుంది. ఆ టైల్సు వేయించుకున్నప్పుడు చదరపు అడుగుకి ఎంతని అడిగాం గానీ రోజుకి ఎన్నిసార్లు తుడవాలని అడగలేదు. ఎందుకంటే తుడిచేది మనం కాదు. ఎర్రసిమెంటు నేలున్న ఇంట్లో పనిమనిషి రోజూ తడిగుడ్డ పెట్టాలని ఎవరూ అడిగేవారు కాదు. నేల తెల్లబడిందిగనకే ఆమె పని పెరిగింది.

రోబో ఆ పనిని ఇంకో మెట్టు ఎక్కిస్తుందేమోనన్నది నా పెద్ద భయం. అది నిజమయింది కూడా. మొదటి వారం దాని చెత్తడబ్బా తీసి చూపిస్తే ఇంట్లో అందరం నోరెళ్ళబెట్టాం. ముద్దగా చుట్టుకున్న జుట్టు, బూడిదరంగు పొడి, ఒక చింతగింజ, చెవిపోగు వెనక శీల, రెండు కందిగింజలు. ఇంత దుమ్ములోనా మనం బతుకుతున్నది అని మా ఆయన రోజుకి రెండుసార్లు నడపడం మొదలుపెట్టారు. రెండోసారి డబ్బాలో దాదాపు ఏమీ ఉండేది కాదు. అయినా నడిపేవారు. ఆ తర్వాత ఎప్పుడైనా యంత్రం పాడైతే, ఆ రెండుసార్ల అలవాటుని ఎవరు మోయాలి? చీపురు పట్టే మనిషే. సగటు ఇల్లు ఎంత శుభ్రంగా ఉండాలన్న లెక్కని యంత్రం పైకి జరుపుతుంది, అది ఆగిపోయిన రోజు ఆ లెక్క మాత్రం కిందకి దిగదు. మేం నెల తర్వాత మళ్ళీ ఒక్కసారికి వచ్చాం. వాదించి వచ్చాం.

మా ఆయన గురించి ఒక మంచి మాట కూడా రాయాలి. పదకొండేళ్ళ కాపురంలో ఆయన చీపురు పట్టగా నేను చూసింది లాక్‌డౌనప్పుడే. యంత్రం వచ్చాక రోజూ ఫోన్లో చూసుకుని, ఎక్కడ ఇరుక్కుందో వెళ్ళి తీసి, నీళ్ళ ట్యాంకు నింపుతున్నారు. ఇంటి నేల ఆయన బాధ్యతల్లోకి వచ్చింది. 2024లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతుంటే, మగవాళ్ళు 88 నిమిషాలు గడుపుతున్నారు. ఆ తేడాలో ఒక ఐదు నిమిషాలు తగ్గించడానికైనా ఒక యాప్ పనికొస్తే నాకు సంతోషమే.

కానీ ఒక పని ఆ యాప్‌లో కనిపించదు. యంత్రం లేవకముందు నేల ఖాళీగా ఉండాలి. పిల్లాడి లెగో ముక్కలు, చార్జరు వైరు, గుమ్మంలో చెప్పులు, పరుపుమీంచి జారిన దుప్పటి కొస, డైనింగ్ కుర్చీలు. ఇవన్నీ తొమ్మిది నలభైఐదుకి నేను తీస్తున్నాను. పన్నెండు నిమిషాలు పడుతుందని ఒకరోజు గడియారం చూసుకున్నాను. ఇంతకుముందు ఈ పన్నెండు నిమిషాలు ఎవరివి? ఆమెవి. ఊడుస్తూ ఊడుస్తూ ఒక చేత్తో కుర్చీ జరిపి, చెప్పులు సర్ది, వైరు చుట్టి పక్కన పెట్టేది. అదంతా "ఊడవడం" అన్న ఒక్క మాటలో కలిసిపోయి ఉండేది. ఊడిచే యంత్రం వచ్చి ఊడవడాన్ని విడదీశాకే అందులో ఎన్ని పనులున్నాయో నాకు తెలిసింది.

పనికింత

ఇక అసలు వాదన. మా మరిది మొహమాటం లేకుండా మాట్లాడే మనిషి. సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగాడు. "వదినా, ఊళ్ళో పద్ధతి నువ్వు పెట్టింది కాదు. ఊడ్చి తుడవడానికింత, అంట్లకింత, బట్టలకింత అని పనికి రేటు వాళ్ళే చెప్తారు. పనికి రేటున్నప్పుడు పని తీసేస్తే రేటు తియ్యడం న్యాయమే కదా? నువ్వు వాషింగ్ మెషీన్ కొన్నాక బట్టల డబ్బులు ఇస్తున్నావా?"

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ ఇది గట్టి ప్రశ్నే అనుకుంటాను. వాషింగ్ మెషీన్ కొన్నాక మేం బట్టల డబ్బులు ఇవ్వలేదు, నిజమే. అప్పుడు నాకు ఏ ఆలోచనా రాలేదు.

తర్వాత కూర్చుని నిజాయితీగా లెక్క వేశాను. మేం నేల పనికి నెలకి పద్ధెనిమిది వందలిస్తాం. యంత్రం ఇరవైఆరు వేలు. ఆ డబ్బు పూర్తిగా కోసుకుంటే పదిహేను నెలల్లో యంత్రం ఖరీదు తిరిగొస్తుంది. గ్రూపులో వాళ్ళ లెక్క ఇదే, లెక్కగా తప్పు లేదు. కానీ ఈ లెక్కలో ఊడ్చే పని పూర్తిగా పోయిందని అనుకుంటున్నాం. పోయిందా? తలుపు వెనకలు ఆమే. బాల్కనీ ఆమే. బీరువా కింద అది దూరని చోటు, గడపలు, గోడవారన తడి మరకలు, బూజు, వంటింట్లో పొయ్యికింద జిడ్డు, అన్నీ ఆమే. యంత్రం పప్పు ఒలికినచోటుకి పోతే ఇల్లంతా పప్పు పూస్తుంది, కాబట్టి ముందు ఆమె తుడవాలి. మిగిలిందల్లా నడిమధ్య నేల. అంటే ఆమె పనిలో తేలిక భాగం యంత్రం తీసుకుని, చిల్లర పని, మూలల పని ఆమెకి వదిలింది. తగ్గిన సమయం అరగంట. నేను నాలుగు రోజులు గమనించి చెప్తున్నాను.

యంత్రాన్ని చూసుకునే పని కూడా వచ్చిపడింది. నాలుగో నెలలో అది కీచుమని అరుస్తూ మధ్యలో ఆగిపోవడం మొదలెట్టింది. సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేస్తే తెచ్చి ఇవ్వమన్నారు, పది రోజులు పడుతుందన్నారు. ఆమె దాన్ని తిరగేసి, "ఉండండక్కా" అని, బ్రష్ రెండు చివర్లా ఉన్న టోపీలు లాగింది. లోపల ఇరుసుకి జుట్టు బిగుసుకుని తాడులా పేనుకుపోయింది. కూరగాయల కత్తి మొనతో నిలువునా కోసి, వేళ్ళతో పెరికి, ఇరుసుమీద అద్దినట్టు కొబ్బరినూనె రాయబోతే నేనే వద్దన్నాను, నూనెకి దుమ్ము పడుతుందని. తల ఊపి పొడిగుడ్డతో తుడిచి బిగించింది. యంత్రం మామూలుగా తిరిగింది. "మా ఊళ్ళో కుట్టుమిషను కింద కూడా ఇలాగే దారం చుట్టుకుంటాది" అంది. అప్పట్నుంచీ ప్రతి శనివారం బ్రష్ విప్పి శుభ్రం చేసేది ఆమే. ఫిల్టరు దులపడం, డబ్బా కడగడం కూడా. మేమెవరం చెప్పలేదు.

మరిదికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది. వాషింగ్ మెషీన్ వచ్చాక బట్టల పని ఆమె చేతిలోంచి పూర్తిగా వెళ్ళి నా చేతికి వచ్చింది. వేసేదీ తీసేదీ ఆరేసేదీ నేనే. ఇక్కడ పని ఆమె చేతిలోనే ఉంది, రూపం మారింది. రూపం మారి తేలికయిన పనికి జీతం తగ్గించాలనే నియమం మనలో ఎవరం మన ఉద్యోగాల్లో ఒప్పుకోం. మా ఆఫీసులో మూడు రోజులు పట్టే రిపోర్టు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ గంటలో తయారుచేస్తోంది. మా మేనేజరు ఆ కారణంతో జీతంలో కోత పెడితే నేను ఊరుకుంటానా? పని తేలికయిందని నా జీతం తగ్గలేదు, నా సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. అదే న్యాయం మా ఇంట్లో పనిచేసే మనిషికి వర్తించదనడానికి నాకు ఒక్క కారణం దొరకలేదు, వెతికాను.

ఇంకో కోణం నుంచి కూడా మా ఆయన అడిగారు. అరగంట మిగిలితే ఆమె ఇంకో ఇల్లు పట్టుకోవచ్చు కదా, అప్పుడు మనం తగ్గించినా ఆమెకి నష్టమేముంది అని. ఉండొచ్చు. కానీ అరగంటలో కొత్త ఇల్లు రాదు. కొత్త ఇంట్లో కూడా నేలే కదా తుడవాలి, అదే మోకాలితో. మనం ఆమె మోకాలికని తెచ్చిన విశ్రాంతిని ఇంకో ఇంటి నేలకి మార్చడమవుతుంది.

మనిషిని పూర్తిగా మాన్పించినవాళ్ళతో నాకున్న పేచీ వేరు. రూంబా తయారుచేసిన ఐరోబోట్‌ని 170 కోట్ల డాలర్లకి కొంటామని 2022లో అమెజాన్ ప్రకటించింది. ఐరోపా నియంత్రణ సంస్థల అభ్యంతరాలతో 2024 జనవరిలో ఆ ఒప్పందం రద్దయింది. 2025 డిసెంబరులో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్ళింది, దానికి యంత్రాలు తయారుచేసి పెట్టే చైనా సంస్థ చేతికి పోయింది. ఈ రంగానికి పేరు తెచ్చిన కంపెనీ సంగతే అదయితే, మన ఇంట్లో మూల కూర్చున్న ఈ డబ్బా ఎన్నేళ్ళు మాట వింటుందో ఎవరు హామీ ఇస్తారు? ఐదేళ్ళ నమ్మకాన్ని పంపించేసి ఏడాది వారంటీని తెచ్చుకోవడం బేరంగా కూడా నాకు తప్పనిపిస్తుంది.

ఆదివారం

జీతం తగ్గించకూడదని అనుకున్నాక కూడా ఒకటి మిగిలింది. ఆ అరగంట నిజంగా ఆమెకి దక్కుతోందా? మొదట్లో అమ్మ, పనిలేక ఊరికే కూర్చుంది కదా అని, "ఆ కిటికీ అద్దాలు తుడవకూడదూ" అంటుండేది. నేనూ ఒకటి రెండుసార్లు ఫ్రిజ్ లోపల శుభ్రం చేయమన్నాను. జీతం ముట్టుకోకుండానే అరగంటని వెనక్కి లాక్కుంటున్నాం. అది గమనించాక ఒకరోజు ఆమెనే అడిగాను, ఈ మిగిలిన టైము నీకెలా ఉంటే బావుంటుందని.

చాలాసేపు ఏమీ అనలేదు. టీ గ్లాసు అటూ ఇటూ తిప్పింది. తర్వాత, "ఆదివారం రాకపోతే ఏటనుకోరు కదా?" అంది.

నెలకి రెండు సెలవులు ఇస్తాం కాబట్టి మేం మంచివాళ్ళమే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివాళ్ళ కోసం 189వ ఒప్పందం చేసింది. వారానికి వరసగా కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. ఆ రోజు మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది, ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్ళకి చట్టం సంగతి పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. చట్టం ఎప్పుడొస్తుందో రానీండి. మా ఇంట్లో ఆదివారం నేల తుడవడానికి యంత్రం ఉంది. అంట్లు ఒక్కపూట మేం ముగ్గురం తోముకోలేమా? రోజూ అరగంట చొప్పున ఆరు రోజులు లెక్కేస్తే మూడు గంటలు. మా ఇంట్లో ఆమె ఒక రోజు పని గంటన్నర. లెక్కల్లో కూడా ఆమె తక్కువే అడిగింది.

సరేనన్నాను. ఆదివారాలు యంత్రం తొమ్మిదింటికి లేస్తుంది, మా ఆయన అంట్లు తోముతారు, నేను బాల్కనీ ఊడుస్తాను. నల్ల పట్టీ దాటి రెండు చేటల మట్టి వస్తుంది ప్రతివారం.

గ్రూపులో ఆవిడకి చివరికి జవాబు రాశాను. "మేం ఏమీ తగ్గించలేదండీ. ఆదివారం సెలవిచ్చాం" అని. ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకాయన, మీలాంటివాళ్ళ వల్లే రేట్లు పెరిగిపోతున్నాయన్నారు. ఆయనతో వాదించలేదు.

మూడో ఆదివారం పాల ప్యాకెట్ల కోసం కిందకి దిగితే సర్వీసు లిఫ్టు దగ్గర ఆమె కనిపించింది. చేతిలో మామూలుగా తెచ్చుకునే సంచి. సెలవు కదా అన్నాను. "మీదొక్కటే సెలవక్కా. సి బ్లాకులో రెండిళ్ళు, డి బ్లాకులో ముగ్గురు, వాళ్ళు రావాలన్నారు" అంది. అవును, ఆరిళ్ళలో ఒకటి ఒప్పుకుంటే పొద్దున్నే ఆరింటికి లేవడం తప్పదు, బస్సు తప్పదు. మా ఇంటి సెలవు ఆమెకి సెలవు కావాలంటే ఇంకో ఐదిళ్ళు ఒప్పుకోవాలి.

సి బ్లాకులో ఆ రెండిళ్ళలో ఒకరికి రోబో ఉందని తెలుసు. గ్రూపులో ఐదొందలు తగ్గించామన్నది వాళ్ళే. నిన్న సాయంత్రం వాకింగులో కలిసి అడిగాను. ఇంట్లో మాట్లాడి చెప్తామన్నారు.